మధ్యలోకి వచ్చిన కాక్

మా హాల్లో టీవీ పక్కన అద్దాల బీరువాలో మూడు కప్పులున్నాయి. ఇంటికి వచ్చినవాళ్లు వాటిని చూసి, "మీరు షటిల్ ఆడతారా అండీ?" అని ఆశ్చర్యపోతారు. నిలబడతానని చెబుతాను. వినయం అనుకుని నవ్వుతారు. వినయం నాకు చిన్నప్పటి నుంచీ లేదు. ఆ మూడు కప్పులూ మూడేళ్ల పాటు ఒక మగమనిషికి అడ్డంగా నిలబడినందుకు వచ్చినవి.

నరసరావుపేటలో షటిల్ ఆడేది చెమట పట్టడానికి అనుకుంటే పొరపాటు. పొద్దున ఆరింటికి ఇండోర్ కోర్టు ముందు ఆగిన కార్లు చూస్తే ఊళ్లో ఎవరి వ్యాపారం ఎలా నడుస్తోందో చెప్పేయొచ్చు. లోపల డాక్టర్లు, మిల్లుల యజమానులు, విత్తనాల కొట్లవాళ్లు, మోకాళ్లకి పట్టీలు, తలకి బ్యాండ్లు. పావుగంట ఆడతారు, ముప్పావుగంట ఆ పావుగంట గురించి మాట్లాడతారు. కాక్ లైను లోపల పడిందో బయట పడిందో కొట్టినవాడి పలుకుబడిని బట్టి తేలుతుంది. బిల్లులు పాస్ చేసే ఇంజినీరు గారు ఆ కోర్టులో ఒక్కసారైనా కాక్ బయటికి కొట్టగా నేను చూడలేదు.

ఈ మహానుభావులందరికీ సెక్రటరీ మా బావగారు, అంటే మా ఆయనకి అన్నగారు. మాకు ఉమ్మడిగా స్టీలు సామాన్ల కొట్టుంది. కొట్లో ఆయన గల్లా పెట్టె దగ్గర కూర్చుంటారు, కోర్టులో కమిటీ కుర్చీలో కూర్చుంటారు. రెండు చోట్లా లేవడం ఆయనకి ఇష్టం ఉండదు.

ఉగాదికి ఆ కోర్టులో మిక్స్‌డ్ డబుల్స్ పోటీ పెట్టేవారు. దానికి రెండు నియమాలు. మొదటిది కాగితం మీద రాసిందే. జట్టులో మగా ఆడా ఒకే ఇంటివాళ్లయి ఉండాలి. పక్కింటావిడతో ఆడితే ఊరు ఏమనుకుంటుందోనని భయం. మా తోటికోడలికి మోకాళ్ల నొప్పులు, మా ఆయనకి గుమ్మం దాకా నడవడమే బరువు. కాబట్టి బావగారికి నేను, నాకు బావగారు. రెండో నియమం ఎవరూ రాయలేదు, అందరూ పాటించారు. ఆడవాళ్ల మీద స్మాష్, అంటే పైనుంచి బలంగా బాదే దెబ్బ, కొట్టకూడదు. నా వైపు కాక్ వేయాలంటే పెరుగన్నం కలిపి చేతిలో పెట్టినంత మెత్తగా వేసేవారు. అదీ నేను తప్పుకొడితే, "పర్లేదమ్మా" అనేవారు. ఆ కోర్టులో నేను విన్న మాటలన్నిటిలోకీ నాకు ఒళ్లు మండించింది ఆ పర్లేదే.

ఈ రెండో నియమంలో ఉన్న లాభం ఊళ్లో అందరికన్నా ముందు మా బావగారికి తట్టింది. ఎంతైనా వ్యాపారి. ఎదుటివాళ్లు స్మాష్ కొట్టబోతున్నారంటే జట్టులో ఇద్దరూ పక్కపక్కన, చెరో సగం కాచుకుని నిలబడాలి. బావగారు అలా నిలబడేవారు కాదు. సరిగ్గా నా వెనక్కి వచ్చి నిలబడేవారు. నేను ఎటు జరిగితే అటే జరిగేవారు. ఆయన్ని కొట్టాలంటే నన్ను దాటించి కొట్టాలి. అది మర్యాద కాదు గనక ఎదుటివాడు చెయ్యి తగ్గించి మెత్తగా వేసేవాడు. "వదిలెయ్యమ్మా!" అని అరుస్తూ బావగారు నా పక్క నుంచి దూసుకొచ్చి ఎదుటి మగాడి మీద బాదేవారు. వానలో గొడుగు ఎంత ఆట ఆడుతుందో నేనూ అంతే ఆడాను. కప్పు చేతికిచ్చేటప్పుడు, "మా మరదలిది చానా ఓపిక" అని మైకులో మెచ్చుకున్నారు.

రెండో ఏడుకి మిగతా మగాళ్లకీ కిటుకు అర్థమైంది. మూడో ఏడు ప్రతి జట్టులోనూ ఆడమనిషి ముందు, మగమనిషి వెనక. ఎవరూ ఎవరి మీదా కొట్టలేరు. కాక్ అటూ ఇటూ తేలుతూనే ఉండేది. ఒక్కో పాయింటు తేలే లోపు టీ తాగి రావచ్చు. ఫైనల్లో అవతలాయనకి ఆయాసం వచ్చి కూలబడితే మేము గెలిచాం. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు, లక్షల సరుకు తిప్పేవాళ్లు, భార్యల వెనక నక్కి ఆడిన ఆ పోటీని మరునాడు జిల్లా పేపరు ఉత్సాహంగా సాగిందని రాసింది.

ఆ వేసవిలోనే నాకు డెన్మార్కావిడ దొరికింది. మధ్యాహ్నం రెండు గంటలకి మా కొట్టు ముందు రోడ్డు మీద కుక్క కూడా నడవదు. బావగారు భోజనం చేసి పడుకునేవారు, నేను కూర్చునేదాన్ని. ఫోన్లో వంటల వీడియోల మధ్యలో ఒక షటిల్ మ్యాచ్ వచ్చింది. మిక్స్‌డ్ డబుల్స్. నెట్ అవతల ఆరడుగుల మనిషి గాల్లోకి ఎగిరి, ఇవతల ఉన్న ఆడమనిషి గుండెల మీదికే స్మాష్ కొట్టాడు. ఆమె మాత్రం బ్యాటు అడ్డం పెట్టి కాక్‌ని తిప్పికొట్టింది. అతను మళ్లీ కొట్టాడు, ఆమె మళ్లీ తిప్పింది. మూడోసారి అతనే నెట్‌కి కొట్టుకున్నాడు. ఎవరూ అయ్యో అనలేదు, ఎవరూ క్షమాపణ అడగలేదు. అందులో తప్పేమీ ఉన్నట్టు అక్కడ ఎవరికీ తోచలేదు. నాకు కళ్ల నీళ్లు తిరిగాయి. నలభై నాలుగేళ్ల మనిషిని, స్టీలు గిన్నెల మధ్య కూర్చుని, ఒకామె మీద ఒకడు బలంగా కొట్టాడని ఏడ్చాను.

డెన్మార్కు అన్న పేరు అప్పటికి నేను బిస్కెట్ల డబ్బా మీద తప్ప చూడలేదు. ఆమె పేరు ఇప్పటికీ నాకు నోరు తిరగదు. ఆమె ఆట జీవితమంతా ఫోను తనకి తోచిన వరసలో చూపించింది. ఓ రోజు ముప్పై ఏళ్ల మనిషి, మర్నాడు జడ వేసుకున్న పంతొమ్మిదేళ్ల పిల్ల. నేనే వాటిని వరసన పెట్టుకున్నాను. మొదట మిక్స్‌డ్ కూడా ఆడింది, తర్వాత అది మానేసి ఆడవాళ్ల డబుల్సే పెట్టుకుంది. ఒకే జోడీతో తొమ్మిదేళ్లు. ఆ జోడీ పొట్టి మనిషి, పాదరసం. ఇద్దరూ మాట్లాడుకోకుండానే చోట్లు మార్చుకునేవాళ్లు. పెద్ద పోటీల్లో సెమీ ఫైనల్ దాకా వచ్చేవాళ్లు, అక్కడ ఓడిపోయేవాళ్లు. సింగిల్స్ ఆడేవాళ్ల ఫొటోలు పేపర్లో అరపేజీ వేస్తారు. డబుల్స్ వాళ్ల పేర్లు ఫలితాల్లో చివరి వరస. ప్రపంచం కూడా మా కోర్టు లాంటిదే, కాకపోతే కాస్త పెద్దది.

నాలుగో ఉగాదికి మొదటి మ్యాచ్‌లోనే డాక్టరు గారి జంట తగిలింది. నేను నెట్ దగ్గరికి వెళ్లి, "డాక్టరు గారూ, నా మీద కొట్టండి" అన్నాను. ఆయన ముఖం పాలిపోయింది. "అదేం మాటమ్మా, తప్పు తప్పు" అని లెంపలేసుకున్నంత పని చేశాడు. సరే, ఆయన మర్యాద ఆయనది. ఆయన చెయ్యి ఎత్తేదాకా ఆగి, డెన్మార్కావిడ నిలబడే చోటికి, పక్కకి జరిగాను. మూడేళ్ల నుంచి కడుపులో దాచుకున్నదంతా కలిపి డాక్టరు కొట్టాడు. కాక్ బావగారి బొజ్జ మీద పడ్డ చప్పుడు కమిటీ గది దాకా వినిపించింది.

"ఏమ్మా, ఎక్కడికి పోయినావ్?" అన్నారు బావగారు, పొట్ట పట్టుకుని.

"పక్కకి బావగారూ. ఆడేవాళ్లు అక్కడే నిలబడతారు."

మొదటి రౌండ్లోనే ఓడిపోయాం. ఇంట్లో వారం రోజులు ఆయన నా చేతి కాఫీ తాగలేదు. మా ఆయన మాత్రం, "కాస్త ముందే చెబితే వీడియో తీసేవాడిని కదే" అన్నాడు. తర్వాత కమిటీ కూర్చుని మిక్స్‌డ్ పోటీ ఎత్తేసింది. మహిళల కోసం ప్రత్యేకంగా పొద్దున ఏడున్నర నుంచి కోర్టు కేటాయించినట్టు బోర్డు పెట్టింది. ఏడున్నరకి ఆడవాళ్లకి ఇంట్లో ఎన్ని పనులుంటాయో తెలిసే పెట్టారు. వచ్చిన నలుగురూ రెండు కాక్‌లు కొట్టి ఇరవై ఫొటోలు దిగేవాళ్లు. కొత్త బూట్లు అరిగేలా ఒక్కరూ పరుగెత్తలేదు.

అప్పుడు వచ్చింది కండక్టరు. మా డిపోలో మాచర్ల బస్సు ఎక్కుతుంది, ముప్పై రెండేళ్లు, వెల్దుర్తి దగ్గర పల్లె. స్కూల్లో బాల్ బ్యాడ్మింటన్ ఆడిందట. రాత్రి డ్యూటీ దిగి ఖాకీ చొక్కాతోనే కోర్టులోకి వచ్చి, బ్యాటు ఎవరిస్తారని అడిగింది. మెంబర్ల ఇళ్లవాళ్లకే అని కమిటీలో ఒకాయన గొణిగాడు. "ఈమె నా జోడీ" అన్నాను. అన్నాక నాకు నేనే చానా గొప్పగా కనిపించాను. ఇంటికెళ్లేదాకా ఆ మురిపెం తగ్గలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ మురిపెం మీదే నాకు ఎక్కువ అసహ్యం.

రెండేళ్లు ఆడాం. నెట్ దగ్గర ఆమెకి తిరుగులేదు. కదిలే బస్సులో కాళ్లు నిలదొక్కుకునే మనిషి, ఎటు పడేసినా తూలదు. ఒక్కటే లోపం. ఇద్దరి మధ్యలోకి కాక్ వస్తే తడబడేది. తీసుకోవాలా వద్దా అని ఒక్క క్షణం నా వైపు చూసేది, ఆ క్షణంలో కాక్ నేల మీద ఉండేది.

ఆ మధ్యలో పడేదే డబుల్స్ అని ఆమెకి డెన్మార్కావిడ వీడియోలు చూపించాను. అప్పటికి ఆవిడతో తొమ్మిదేళ్లు ఆడిన జోడీ, బిడ్డ కోసం ఆట మానేసింది. డెన్మార్కావిడ ఓ ఇరవై ఏళ్ల పిల్లని పక్కన పెట్టుకుంది. ఇక ప్రతి దేశంలోనూ మొదటి రౌండ్లోనే ఓటమి. మధ్యలోకి వచ్చిన కాక్ ఆ పిల్ల చేతికి అందే వైపు ఉంటే, ఈమె వదిలేసేది. తను తీసుకోగలదు. మోకాలికి పట్టీ ఉన్నా ఆ ఒక్క అడుగు వేయగలదు. వేయదు. పిల్ల కొడుతుంది, బయటికి పోతుంది. ఈమె వెళ్లి అరచెయ్యి తాకించి మళ్లీ తన చోట నిలబడుతుంది. మళ్లీ అక్కడికే వస్తుంది, మళ్లీ వదిలేస్తుంది. నాకు పిచ్చెక్కేది. "తీసుకోవే, మొద్దూ!" అని ఓసారి కొట్లో కేకేస్తే, కుక్కర్ బేరమాడుతున్న ఆవిడ ఉలిక్కిపడి మూత కింద పడేసింది.

"తిట్టదేందక్కా ఈమె, ఆ పిల్ల అన్ని పోగొడతావుంటే?" అని అడిగింది కండక్టరు.

"వయసైపోయింది. ఓపిక చచ్చింది" అన్నాను.

ఆమె ఫోను వైపే చూస్తూ, "నాకట్టా అనిపించట్లా" అంది. నేను పట్టించుకోలేదు.

గత చలికాలంలో మాచర్లలో ఆడవాళ్ల డబుల్స్ పోటీ పెట్టారు. కండక్టరు డ్యూటీ మార్పించుకుంది. ఆమె ఆట ఎప్పుడూ చూడని వాళ్లమ్మ, మిరపకాయ కోతలు వదులుకుని, వెల్దుర్తి నుంచి ఆటో ఎక్కి వచ్చింది. ఎర్రంచు చీర కట్టుకుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, మొదటి వరస కుర్చీలో కూర్చుంది. అలా కుర్చీలో కూర్చోవడం అలవాటు లేని మనిషి. మాటిమాటికీ వెనక్కి చూసుకుంటోంది, ఎవరైనా లేవమంటారేమోనని.

ఫైనల్ దాకా వచ్చాం. మొదటి గేమ్ పోయింది. ఆఖరి రెండు పాయింట్లూ మధ్యలో పడినవే, రెండూ ఆమె బ్యాటు తగిలి బయటికి పోయినవే. ఒక్క కప్పు, నేను ఆడి గెలిచిన ఒక్క కప్పు ఆ బీరువాలో ఉండాలి. అది ఈ పిల్ల చేతిలోంచి జారిపోతోంది. అంతకుమించి నాకేమీ కనిపించలేదు.

రెండో గేమ్ మొదలవగానే మధ్యలోకి వచ్చిన మొదటి కాక్‌కి, "వదిలెయ్!" అని అరిచి నేనే కొట్టాను. పాయింటు. తర్వాతది కాస్త ఆమె వైపే వచ్చింది. "వదిలెయ్!" పాయింటు. ఆ తర్వాత పూర్తిగా ఆమె సగంలోకి వచ్చింది. "వదిలెయ్!" ఆమె తప్పుకుంది. నా గొంతు పైకప్పుకి తగులుతోంది, కాళ్లలో ఎక్కడ లేని బలం వచ్చింది. మూడో గేమ్‌లో ఆమె సర్వీసు చేసి పక్కకి జరిగి నిలబడేది, అంతే. మిగతాదంతా నేను. గెలిచాం. నేను కోర్టు మధ్యలో మోకాళ్ల మీద కూలబడి, ఆ రోజు నా జీవితంలో ఏ లోటూ లేదనుకున్నాను.

కప్పు ఇద్దరి చేతుల్లో పెట్టి ఫొటో తీశారు. ఫొటో అవగానే ఆమె చెయ్యి తీసేసింది.

"నీ దగ్గరుంచుకో అక్కా."

"అదేంది, మార్చి మార్చి పెట్టుకుందాం" అన్నాను.

"మా అమ్మ ఒక మాట అడిగిందక్కా. గెలిచింది సరే, నువ్వెప్పుడు ఆడతావే అంటావుంది. ఏం చెప్పమంటావ్?"

ఆమె గొంతులో కోపం లేదు. ప్రయాణికులకి స్టేజీ పేరు చెప్పినట్టే చెప్పింది. నాకే కోపం వచ్చింది. గెలిపించినందుకు ఇదా అన్నాను. నువ్వు రెండు పోగొడితేనే కదా నేను తీసుకోవాల్సి వచ్చింది అన్నాను. ఆమె బూట్ల తాళ్లు విప్పుకుంటూ విని, లేచింది.

"మీ బావగారిని ఎన్నిసార్లు తిట్టుకున్నావో నా దగ్గర. ఇయ్యాల కళ్లు మూసుకుని వింటే ఆయన గొంతేనక్కా. ఆ 'వదిలెయ్' కూడా ఆయనదే."

వాళ్లమ్మని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లిపోయింది. ముసలావిడ నా ముందు ఆగి, "బాగా ఆడినావు తల్లీ" అంది. ఎగతాళి కాదు, నిజంగానే అంది.

ఆ తర్వాత ఆమె కోర్టుకి రాలేదు. నేను కొన్నాళ్లు ఆమెనే తిట్టుకున్నాను. మేలు తెలియని మనిషి అనుకున్నాను, బస్సులో అరిచి అరిచి నోరు పెరిగింది అనుకున్నాను. నాలుగో కప్పు బీరువాలో పెట్టబోతే, బావగారు చూసి, "శభాష్, మన ఇంటి ఆట!" అన్నారు. ఆ మాట విన్నాక దాన్ని అక్కడ పెట్టలేకపోయాను. కవర్లో చుట్టి అటక మీద పడేశాను.

ఈ ఏడు డెన్మార్కావిడ ఆఖరి మ్యాచ్ ఆడింది. మొదటి రౌండే. చివరి పాయింటు కూడా మధ్యలోకే వచ్చింది, ఆమె వదిలేసింది, పిల్ల నెట్‌కి కొట్టింది. ఇన్నేళ్ల ఆట అలా ముగిసిపోయింది. ఆమె నవ్వి, ఏడుస్తున్న పిల్ల చెయ్యి పట్టుకుని, రెండు చేతులూ కలిపి పైకెత్తింది. ఈసారి నేను కేకలు వేయలేదు. ఎన్నిసార్లు ఆమెని మొద్దూ అన్నానో లెక్క లేదు. ఆమె వదిలేసింది పిల్లని ఆడనివ్వడానికేనని, మొద్దుని నేనేనని ఒప్పుకోవడానికి ఇంకో వారం పట్టింది, ఎంతైనా మా ఇంటి కోడల్ని.

అటక మీంచి కప్పు దింపి, సంచిలో పెట్టుకుని, మాచర్ల బస్సెక్కాను. ఇప్పుడు ఆడవాళ్లకి బస్సు ఉచితం కదా, సీట్లన్నీ నిండిపోయి ఉన్నాయి. కండక్టరు టికెట్ల మిషన్ మెళ్లో వేసుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వస్తోంది. నా దగ్గరికి వచ్చి, రెండేళ్లు పక్కన ఆడిన మనిషిని, "ఆధార్ చూపిచ్చక్కా" అంది. చూపించాను. ఫొటో వంకా నా వంకా చూసి, "ఏడికి?" అంది.

"గురజాల" అన్నాను. గురజాలలో నాకెవరూ లేరు.

ఉచితం టికెట్టు చించి చేతిలో పెట్టింది. "సంచి కాళ్ల దగ్గరికి లాక్కో, నడవడానికి అడ్డం." లోపలేముందో ఆమెకి తెలిసిందనే అనుకుంటాను. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు దాటేదాకా మళ్లీ ఇటు రాలేదు. జనం కాస్త దిగాక వచ్చి నా సీటు కమ్మీకి ఆనుకుని నిలబడింది.

"మళ్లీ ఆడదాం రావే" అన్నాను.

"మధ్యలోకొస్తే ఎవరిదక్కా?"

"నీది." ఇంటి దగ్గర వందసార్లు అనుకుని వచ్చిన మాట, తడుముకోకుండా అన్నాను.

"పోగొడితే?"

డెన్మార్కావిడ ఏం చేసేదో నాకు తెలుసు. చెప్పడానికే వచ్చాను. పోతే పోనీ అనాలి, రెండు మాటలు. నోరు తెరిచాను. ఆ మాటకి ముందు, మాచర్లలో బయటికి పోయిన ఆ రెండు కాక్‌లూ నా కళ్ల ముందుకి వచ్చాయి. ఛ, అవి నేనే తీసుకోవాల్సింది కదా అనిపించింది, ఇంకా, ఇప్పటికీ. అది నా ముఖంలో కనబడే ఉంటుంది. ఆమెకి రోజుకి వెయ్యి ముఖాలు చూసే ఉద్యోగం.

"పర్లేదక్కా" అంది మెత్తగా. మిషన్ సర్దుకుని, "ఇంకెవరమ్మా టికెట్టు, టికెట్టు" అంటూ ముందుకి వెళ్లిపోయింది. నేను సంచి కాళ్ల మధ్యకి లాక్కుని, గురజాల దాకా కూర్చున్నాను.